పచ్చ లైటు చూడని ఇల్లు

ఈ మధ్య నాగర్‌కర్నూల్ నుంచి ఇద్దరు యువకులు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. కరెంటు బండ్ల లిథియం బ్యాటరీలు బాగుచేసే షాపు పెట్టబోతున్నారట. ఒకతను ఫోను తీసి యాప్ చూపించాడు. బ్యాటరీ పక్కన ఫోను పెడితే చాలు, లోపల ఏ సెల్లు ఎంత వోల్టేజీ మీద ఉందో వరుసగా కనిపిస్తోంది. చూసి ముచ్చటపడ్డాను. మా రోజుల్లో ఆ అంకెల కోసం డబ్బా స్క్రూలు విప్పి, మీటరు తీగల మొనలు ఒక్కొక్క చోట ఆనించి, ఊపిరి బిగబట్టి చూసుకునేవాళ్లం.

"మీ అనుభవంలో ఇంకేమన్నా ఉంటె చెప్పుండ్రి సార్" అన్నారు. నోటితో చెబితే సగం మర్చిపోతానని ఇలా రాస్తున్నాను.

రెండు పనులు, ఇద్దరు పెద్దలు

నేను కొత్తకోటలో హైవే పక్కన ఒక బ్యాటరీ షాపులో చాలా ఏళ్లు పనిచేశాను. అదే సమయంలో ఒక దినపత్రికకు మండల విలేకరిని కూడా. ఇందులో వింత లేదు. మా వైపు విలేకరులందరికీ ఇంకో పని ఉండేది. ఒకరికి ఎరువుల దుకాణం, ఇంకొకరికి ట్యూషన్లు, నాకు బ్యాటరీలు. పొద్దున లారీ బ్యాటరీలకు నీళ్లు పోసేవాణ్ని, సాయంత్రం వార్తలు పంపేవాణ్ని. రాసిన కాగితం మీద యాసిడ్ చుక్క పడి, ఎమ్మెల్యే పేరు మధ్యలో రంధ్రం పడిన రోజులున్నాయి.

షాపులో నాకు పెద్ద, ఖాజా మియా. అందరికీ ఉస్తాద్. లారీ స్టార్టయ్యే చప్పుడు వినే సెల్ఫ్ మోటారు నీరసంగా ఉందో, బ్యాటరీ నీరసంగా ఉందో చెప్పేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు నిజమయ్యేది. మిగతా రెండుసార్లు డ్రైవర్‌ను తిట్టేవాడు. లారీవాళ్లు పారేసిన పాత బ్యాటరీలను ఏరుకొచ్చి, కడిగి, నింపి, బతికించి షాపు ఇన్వర్టర్‌కు తగిలించాడు. వాటిని "నా ముసలోళ్లు" అనేవాడు. కరెంటు పోయినప్పుడు మా షాపులో ఫ్యాను తిరిగేది వాటి దయవల్లే.

పత్రికలో నాకు పెద్ద, డెస్కులో కూర్చుని వార్తలు దిద్దే సుదర్శనం గారు. ఆయన్ని నేను చూసింది తక్కువ, ఫోనులో విన్నది ఎక్కువ. ఏ వార్త చెప్పినా ఆయన అడిగేది ఒకటే. "జనం అన్నారు సరే. నువ్వు చూశావా?"

బ్యాటరీల గురించి నాకు తెలిసిందంతా ఉస్తాద్ పెట్టిన భిక్ష. కానీ లిథియం బ్యాటరీ దగ్గర నన్ను కాపాడింది మాత్రం సుదర్శనం గారి ప్రశ్న. అది ఎలాగో చెప్పాలి.

ఉబ్బిందా, పేలిందా

రెండు వేల దశకం చివర్లో మా ఊళ్లకు కరెంటు స్కూటర్లు వచ్చాయి. లైసెన్సు అక్కర్లేదు, కిక్కు కొట్టనక్కర్లేదు, పెట్రోలు ఖర్చు లేదు అని అమ్మారు. అమ్మినవాళ్లలో చాలామంది ఏడాది తిరక్కుండానే షట్టర్ దించుకుని పోయారు. వాటిలో వచ్చినవి మనకు తెలిసిన సీసం బ్యాటరీలే. ఎత్తు ఎక్కుతూ, గుంతల్లో దిగుతూ మా రోడ్ల మీద అవి త్వరగానే అలసిపోయాయి. అప్పుడు కొంతమంది హైదరాబాద్ నుంచో, బెంగళూరు నుంచో లిథియం ప్యాకులు తెచ్చి వేయించుకోవడం మొదలుపెట్టారు.

గద్వాలలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే ఒకాయన ఇంట్లో అలాంటి బ్యాటరీ పేలిందని కబురొచ్చింది. డెస్కుకు ఫోను చేసి చెప్పాను. సుదర్శనం గారు నింపాదిగా అడిగారు. "పేలిందా, ఉబ్బిందా, మండిందా? మూడూ వేరు వేరు. పోయి చూసి రాయి."

పోయాను. పేలలేదు. అరచేతంత వెడల్పున్న చదునైన సెల్లులు దిండ్లలా ఉబ్బి, ఒకటి చిరిగి పొగ కక్కింది. ఇంటాయన దాన్ని వెదురు కర్రతో వాకిట్లోకి తోసి ఇసుక పోశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. నా కన్ను మాత్రం గూట్లో పెట్టి ఉన్న ఒక చిన్న ఆకుపచ్చ బోర్డు మీద పడింది. దాని తీగలు కత్తిరించి ఉన్నాయి.

"ఇదేంది?"

"బ్యాటరీల ఉండె సార్. మాటిమాటికి కట్ చేస్తుంటె తీపిచ్చి డైరెక్ట్ కొట్టిచ్చిన."

"ఛార్జర్?"

"పాత బండిదే సార్. మంచిగనే ఉన్నది గద!"

సీసం బ్యాటరీ ఛార్జర్ లిథియం ప్యాకుకు కావలసినదానికంటే ఎక్కువ వోల్టేజీ వరకు తోస్తూనే ఉంటుంది. ఆపవలసిన బోర్డేమో గూట్లో ఉంది. ఇక ఆపేవాడెవడు?

ఈ "డైరెక్ట్ కొట్టుడు" మా హైవే మీద పుట్టి పెరిగిన విద్య. ఫ్యూజు పోతే తీగ ముక్క చుట్టి డైరెక్ట్. రిలే పోతే డైరెక్ట్. లోడుతో ఉన్న లారీ రోడ్డు మధ్యలో ఆగకూడదు, అంతే లెక్క. లారీకి అది చెల్లింది. లిథియంకు చెల్లదు.

తట్టల వరుస

మా వైపు మట్టి పని చూడని మనిషి లేడు. కాలువ తవ్వేటప్పుడు కూలీలు వరుసగా నిలబడి తట్ట అందించుకుంటారు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి. అందరి చేతుల్లోంచీ పోయేది అవే తట్టలు. వరుసలో ఒక్కరు సొమ్మసిల్లితే మిగతావాళ్లకు ఎంత బలమున్నా పని ఆగిపోతుంది.

లిథియం ప్యాకు అలాంటి వరుసే. స్కూటర్ ప్యాకులో వరుసగా పదమూడు గుంపులుంటాయి. ఒక్కో గుంపులో కొన్ని సెల్లులు జతగా ఉంటాయి. గుంపు నిండితే నాలుగు వోల్టుల పైచిలుకు, ఖాళీ అయితే మూడు. పైకి మించినా చెడిపోతుంది, కిందికి జారినా చెడిపోతుంది. ఆకుపచ్చ బోర్డు ఆ వరుసకు మేస్త్రీ. ఏ ఒక్క గుంపు మరీ నీరసించినా పని ఆపేస్తుంది. ఏ ఒక్కటి మరీ నిండినా ఛార్జింగ్ ఆపేస్తుంది. అందుకే లిథియం బండి సీసం బండిలా మెల్లమెల్లగా నీరసించదు. పోతూ పోతూ టక్కున ఆగుతుంది.

మేస్త్రీకి ఇంకో పని కూడా ఉంది. అది చాలామందికి తెలియదు. ఛార్జింగ్ చివరికి వచ్చినప్పుడు, ముందే నిండిన గుంపుల్లోంచి కొంచెం కొంచెం కారనిచ్చి, వెనకబడ్డవి వచ్చి కలిసేదాకా ఆపుతుంది. అందరినీ ఒక్క తీరుకు తెస్తుంది. ఇది ఛార్జింగ్ చివర్లో తప్ప మధ్యలో జరగదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీనిమీదే ఉంది.

సలోమి సిస్టర్ సంచి

వీపనగండ్ల వైపు ఊళ్లలో బుధవారాలు టీకాలు వేసే నర్సు సలోమి. అందరికీ సిస్టరమ్మ. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. కిక్కు లేని కరెంటు స్కూటర్ ఆమెకు కాలు కంటే ఎక్కువ. సీసం బ్యాటరీలు పోయాక ఆమె తమ్ముడు ఏసుదాసు లిథియం ప్యాకు తయారుచేసి పంపాడు. అతను బెంగళూరులో ప్యాకులు కట్టే ఒక చిన్న యూనిట్‌లో పనిచేసేవాడు. సెల్లుల మీద నికెల్ పట్టీలు అతికించడం అతని పని.

కొన్ని నెలలు బాగానే నడిచింది. తరువాత బండి దారి మధ్యలో ఆగడం మొదలైంది. ఒక గురువారం ఆమె ప్యాకును బియ్యం సంచిలో పెట్టుకుని, బస్సెక్కి మా షాపుకొచ్చింది.

"అన్నా, పోయినసారి సగం తొవ్వల ఆగింది. టీకాల డబ్బా నెత్తిన పెట్టుకొని నడిచిన. ఐసు కరగకముందు చేరిన గని, డాక్టరమ్మకు తెలిసింది."

"ఏమన్నది?"

"వచ్చే బుధవారం గూడ గిట్లనే అయితె ఏటి ఒడ్డు ఊర్లు వేరే సిస్టర్‌కు ఇస్తనన్నది. నన్ను ఆఫీసుల కూసోమంటది." సంచి ముడి విప్పింది. "ఆమె మంచికే అంటది. కాని కాలు బాగలేదని కూసోబెట్టిన్రు అనిపిచ్చుకునుడు నాతోని కాదన్నా. గా ఊర్లల్ల నన్ను చూస్తెనే తలుపు తీస్తరు."

డబ్బా విప్పి ఒక్కొక్క గుంపూ కొలిచాను. పన్నెండు దాదాపు ఒకే చోట ఉన్నాయి. ఒక్కటి బాగా కిందికి పడిపోయి ఉంది.

ఉస్తాద్ నా భుజం మీదుగా తొంగి చూశాడు. "గదే మరి! గా ఒక్కటి సచ్చింది. తీసి పారెయ్. పన్నెండుతోని గుంజుతది. గా బోర్డు అడ్డమొస్తె డైరెక్ట్ కొట్టు. బుధవారందాక ఎందుకు, రేపే పోతది బిడ్డ."

"ఉస్తాద్, గద్వాల సంగతి మర్చిపోయిన్రా?"

"వాడు పాత ఛార్జర్ పెట్టిండు, బేకుఫ్. మనం పెడ్తమా?"

ఏసుదాసుకు ఫోను కలిపి స్పీకర్‌లో పెట్టాను. సంగతంతా చెప్పాను.

"అన్నా, దండం పెడ్త, బోర్డు తియ్యకుండ్రి. నా అతుకు గిట్ల ఊడిందా? సరిగ చూసిన్రా?"

"అతుకులన్నీ గట్టిగున్నయి."

"అయితె గా గుంపు సచ్చిందో, ఆకలితోని ఉన్నదో ముందు చూడుండ్రి. ఛార్జర్ మీద పచ్చ లైటు వచ్చేదాక పెడ్తున్నరా? అడుగుండ్రి అక్కను."

ఉస్తాద్ ఫోను దగ్గరికి వంగాడు. "బేటా, నీ బ్యాటరీకి ఆకలి గూడ అయితదా? నా బ్యాటరీలు గిన్నేండ్లల్ల ఒక్కసారి అన్నమడగలే."

"అవి అడగకముందే మీరు పెడ్తరు గద ఉస్తాద్" అన్నాడు ఏసుదాసు. ఉస్తాద్‌కు ఆ జవాబు నచ్చింది. పైకి చెప్పలేదు గానీ టీ తెప్పించాడు.

పచ్చ లైటు సంగతి సలోమిని అడిగాను.

"తెల్వదన్నా. ఛార్జింగ్ మా మామ చూసుకుంటడు. ఛార్జర్ తెద్దామంటె గోడకు మొలలు కొట్టి బిగించిండు."

బ్యాటరీని బల్లమీద పెట్టి ఎంతసేపు చూసినా ఆ ఇంటి గోడ కనపడదు. "నువ్వు చూశావా?" అన్న గొంతు చెవిలో వినిపించింది. మరునాడు బస్సెక్కాను.

గోడ

సలోమి వాళ్ల ఇల్లు ఊరి చివర, బోరు పక్కనే ఉంది. మామ దావీదు మంచి రైతు. వసారా గోడకు బోరు మోటారు స్టార్టర్, దాని పక్కనే స్కూటర్ ఛార్జర్, రెండూ ఒకే ఎత్తున బిగించి ఉన్నాయి. చాలా పొందికగా ఉంది.

ఆ రోజుల్లో మా ఊళ్లలో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో ఎవరికీ తెలియదు. రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్లు. మీట వేసే ఉంటుంది, కరెంటు రాగానే మోటారు దానంతట అదే అందుకుంటుంది. కరెంటు పోతే ఆగుతుంది, మళ్లీ వస్తే మళ్లీ అందుకుంటుంది. ఎవరూ కాపలా ఉండనక్కర్లేదు.

"గిది గూడ గట్లనే పెట్టిన సారూ" అన్నాడు దావీదు గర్వంగా. "కోడలు బండి తెచ్చి తగిలిస్తది. కరెంటు వస్తె పట్టుకుంటది, పోతె ఊకుంటది. పొద్దుగాల ఆమె తీసుకొని పోతది. ఒక్కనాడు గూడ మర్చిపోలే."

"ఛార్జింగ్ అయిపోయినంక పచ్చ లైటు వస్తది గద మామా, ఎప్పుడొస్తది?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "పచ్చదా? దీనికి ఎర్ర లైటు ఒక్కటే ఉన్నది."

వంగి చూశాను. ఎర్ర లైటు పక్కనే పచ్చ లైటు ఉంది. ఇన్ని నెలల్లో అది ఒక్కసారి కూడా వెలగలేదు. వెలగనిది లేనట్టే కదా ఇంట్లోవాళ్లకు.

నాకు బల్లమీది అంకెలు అప్పుడు అర్థమయ్యాయి. కరెంటు ముక్కలు ముక్కలుగా వస్తోంది. బ్యాటరీ ప్రతిసారీ సగమో, ముప్పావో నిండుతోంది. చివరిదాకా ఎప్పుడూ పోలేదు. చివరిదాకా పోనిదే మేస్త్రీ అందరినీ కలిపే పని మొదలుపెట్టడు. పదమూడు గుంపుల్లో ఒకటి పుట్టుకతోనే కొంచెం బలహీనం. అది రోజూ పిసరంత వెనకబడుతూ వచ్చింది. దాన్ని ఆగి కలుపుకునే సమయం ఆ ఇంట్లో ఒక్కరోజూ దొరకలేదు.

దావీదు చేసినదాంట్లో తప్పు పట్టడానికి ఏముంది? మోటారుకు నూటికి నూరుపాళ్లు సరైన పద్ధతి. సీసం బ్యాటరీకీ పెద్దగా నష్టం లేదు. ఆయనకు తెలిసిన కరెంటుకు ఆయన తగ్గట్టుగా ఉన్నాడు. ఛార్జర్ అమ్మినవాళ్లూ, పంపినవాళ్లూ మాత్రం ఎప్పుడూ పోని కరెంటును ఊహించుకున్నారు.

"ఛార్జర్ పీకుత మామా, రెండు మూడు దినాలు."

"పీకుండ్రి. మొలలు జాగ్రత్త, మల్ల కొట్టాలె."

ముసలోళ్ల పాలు

కొత్తకోటలో కరెంటు పల్లెలకంటే మేలు, అయినా పోయేది. నడుమ తెగకుండా ఛార్జింగ్ ఎలా పెట్టడమా అని ఆలోచిస్తుంటే ఉస్తాద్ తనే ఇన్వర్టర్ వైపు చేయి చూపించాడు.

"దానికి పెట్టు. కరెంటు పోతె నా ముసలోళ్లు తాపుతరు పాలు. చూద్దం నీ బిడ్డ ఎంత తాగుతదో."

శనివారం పొద్దున పెట్టాం. చుట్టూ సామాను తీసేసి, నేల మీద, గాలి తగిలేచోట. షట్టర్ దించే వేళకు తీసేయడం, పొద్దున మళ్లీ పెట్టడం. కళ్లముందు లేనప్పుడు లిథియం ప్యాకును ఛార్జింగ్‌లో వదలొద్దని గద్వాల చెప్పింది.

మధ్యాహ్నానికి పచ్చ లైటు వెలిగింది. ఉస్తాద్ చేతులు తుడుచుకున్నాడు. "అయిపోయింది. పిలువు సిస్టరమ్మను."

అంతలో లైటు ఎర్రబడింది. కాసేపటికి పచ్చ. మళ్లీ ఎరుపు.

"అరే, ఏంది దీని దొంగాట? నిండిందా, నిండలేదా?"

"నిండినోళ్లు ఆగిన్రు ఉస్తాద్. ఎన్కబడ్డోని కోసం చూస్తున్నరు."

ఉస్తాద్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. లారీ డ్రైవర్లు వచ్చి పిలిచినా "ఆగు, జర ఆగు" అంటూ లైటునే చూస్తున్నాడు. ఒకసారి కరెంటు పోయింది. ఫ్యాను ఆపేయమన్నాడు, ముసలోళ్ల బలమంతా ఛార్జర్‌కే పోవాలని. చెమటలు కారుతూ ఇద్దరం కూర్చున్నాం. ఆదివారం కూడా అదే ఆట. ఎరుపు తగ్గుతూ, పచ్చ పెరుగుతూ వచ్చింది. సోమవారం మధ్యాహ్నానికి పచ్చ లైటు వెలిగి, ఇక మారలేదు. మీటరు పెట్టి చూస్తే పదమూడో గుంపు మిగతావాటి పక్కకు చేరింది. అది చావలేదు, ఆకలితోనే ఉంది.

ఇక్కడ ఆగి మీకు నాలుగు మాటలు

బ్యాటరీ తెచ్చినవాళ్లను బ్యాటరీ గురించి చివర అడగండి. ముందు ఇంటి గురించి అడగండి. కరెంటు ఎలా వస్తుంది, ఛార్జర్ ఎక్కడుంది, ఎవరు తగిలిస్తారు, ఎవరు తీస్తారు? మీ యాప్ చూపించే అంకె నిజమే. ఆ అంకె ఎందుకు అలా ఉందో యాప్‌కు తెలియదు.

వెనకబడ్డ గుంపు కనిపించగానే చచ్చిందని కోసి పారేసే షాపులు నాకు తెలుసు. నిజంగా పాడైన గుంపు నింపినా నిలవదు, ఛార్జర్ తీసి పక్కన పెట్టిన కొన్నాళ్లకే మళ్లీ పడిపోతుంది. పాడైందని తేలాకే కొయ్యండి.

మన ఎండల్లో బండి దిగగానే ఛార్జింగ్ పెట్టొద్దని చెప్పండి. ప్యాకు మీద చెయ్యి పెట్టి వేడిగా ఉంటే చల్లారనివ్వాలి. ఎప్పుడూ నిండుగా ఉంచడం సీసానికి ఆరోగ్యం, లిథియంకు కాదు. బండి వాడనప్పుడు నిండుగా నింపి రేకుల షెడ్డులో పడేస్తే త్వరగా ముసలిదవుతుంది. రోజువారీ కొంచెం తక్కువ నింపినా ఫరవాలేదు. అప్పుడప్పుడూ మాత్రం తొందర పడకుండా చివరిదాకా పోనివ్వాలి. ఇంకెవరి ఛార్జరూ దానికి తగిలించకూడదు. డైరెక్ట్ కొట్టమని అడిగినవాడు మీకు ఎంత దగ్గరివాడైనా, అంత దగ్గరివాడు గనకే వద్దనండి.

మంగళవారం ప్యాకు, ఛార్జరు పట్టుకుని పోయినప్పుడు దావీదుకు ఇదంతా చెప్పలేదు. పచ్చ లైటు చూపించి, నెలకొకసారి ప్యాకును, ఛార్జర్‌ను మా షాపుకు పంపమన్నాను. ఛార్జర్‌కు మొలలు కొట్టకుండా తగిలించే కొక్కెం ఒకటి ఉస్తాద్ చేసిచ్చాడు.

బుధవారం

బుధవారం పొద్దున నుంచి ఉస్తాద్ ఏ పనీ సరిగా చేయలేదు. అడిగితే "నాకేం, నీ బిడ్డ, నీ లిథియం" అన్నాడు. ఫోను మాత్రం నా జేబులోంచి తీయించి బల్లమీద పెట్టించాడు. రెండుసార్లు మోగింది. రెండుసార్లూ వేరేవాళ్లు. రెండోది డెస్కు నుంచి. ఉస్తాద్ ఫోను లాక్కుని "సాబ్, లైను బిజీ చెయ్యకుండ్రి" అని పెట్టేశాడు.

భోజనాల వేళ దాటాక సలోమి ఫోను చేసింది. గాలి హోరు వినిపిస్తోంది.

"అన్నా, ఆఖరి ఊర్లున్న. ఏటి ఒడ్డుకు. పిల్లలందరికీ సూదులైనయి. ఐసు ఇంకా ఉన్నది డబ్బాల. బండి ఇంకా గుంజుతుంది. ఇప్పుడే డాక్టరమ్మకు చేసిన. వచ్చే నెల గూడ గీ ఊర్లు నాయే అన్నది. ఉస్తాద్‌కు చెప్పు."

ఫోను పెట్టేసి ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన లేచి ఇన్వర్టర్ దగ్గరికి పోయి, పాత బ్యాటరీల మూతలు ఒక్కొక్కటే విప్పి లోపలికి చూశాడు.

"గా డిస్టిల్ వాటర్ డబ్బా ఇటు తే" అన్నాడు. "ముసలోళ్లు అలిసిపోయిన్రు."